జొన్నగింజంత గోలి

"అవ్వా, గీ స్ప్రే సీస పని చేస్తలేదు. చెత్తబండిల ఏద్దునా?"

ఆగు ఆగు, ఏందే గంత తొందర! ఇటు తే. సీస పలిగిందా? పలగలె. మూతి ఊడిందా? ఊడలె. మరి పారేసుడు దేనికి? కూసో జర. గా గిన్నెల ఉడుకునీళ్ళు తే, నిమ్మకాయ చెక్క ఉంటె అది కూడ తే. నా కండ్లద్దాలు యాడ పెట్టిన్నో... ఆఁ, నెత్తి మీదనే ఉన్నయి. నవ్వు, నవ్వు. నీకు గూడ వస్తది నా వయసు.

చూడు, గిట్ల తిప్పితే మూతి ఊడొస్తది. గట్టిగ తిప్పకు, ప్లాస్టిక్ మరలు, దెబ్బన అరుగుతయి. లోపల తెల్లగ పేరుకున్నది చూసినవా? అది మన బోరు నీళ్ళ సున్నం. నల్లా నీళ్ళు పొయ్యమని మీ అమ్మకు ఎన్నిమాట్ల చెప్పిన్నో. సరే, ఉడుకునీళ్ళల్ల నిమ్మకాయ పిండి నానవెడుదాం. నానేదాక నీకొక ముచ్చట చెప్త. గప్పుడు నువ్వు చిన్నదానివి, మీ అమ్మమ్మోళ్ళ ఊర్ల ఉంటివి. మీ నాయినకు కూడ సగమే ఎరుక. గిసొంటి సీసనే మీ తాతను బతికిచ్చింది. ఏందే గట్ల చూస్తవు? నిజం చెప్తున్న బిడ్డా.

నేను ఆత్మకూరు దిక్కు పిల్లను గదా. మా తల్లిగారింట్ల ఉతుకుడే గాని ఇస్త్రీ ఎరుగం. లగ్గమై పాలమూరు వచ్చినంక చూసిన బొగ్గుల పెట్టెను. మీ తాతకు గప్పటికే ఈ కాలనీ మూలమీద ఇస్త్రీ బండి ఉండె. ఇప్పుడు మనకు కరెంటు పెట్టె వచ్చింది గాని, గప్పుడు బొగ్గులు రాజేసి, ఊది, బూడిద దులిపి... అబ్బో, పొద్దుగాల బండి కాడ నిలవడితే మాపటికి ముక్కుల నల్లగ వస్తుండె. స్ప్రే సీసలు గిట్ల యాడియి! నోటితోనే నీళ్ళు కొట్టుడు. మన చాకలోళ్ళు అందరు గట్లనే చేస్తుండ్రి. చెంబుల నీళ్ళు పుక్కిట వట్టి, పెదిమలు బిగవట్టి, ఉఫ్ఫ్ అని బట్టమీద ఊదుడు.

అందరు ఊదుతరు. గాని మీ తాత ఊదుడు ఏరే. మా మామ, అంటె మీ తాతోళ్ళ నాయిన, గాయన ఊదితె సుక్కలు సుక్కలు వడేటియి. మీ తాత ఊదితె ఒక్క సుక్క కనవడకపోయేది. పొగమంచు దిగినట్టు దిగేది బట్ట మీద. ఒక్క దమ్ములనే చీర ఈ కొసకెంచి ఆ కొసదాక తడిసేది. పొద్దుటి ఎండల గా తుంపర నడుమ సన్నగ ఏడురంగుల సింగిడి లేస్తుండె. ఒట్టు! నేను కొత్త పెండ్లికూతురును, బండి పక్కపొంటి నిలవడి నోరు తెరుసుకొని చూస్తుంటి. "ఏమే, ఈగ పోతది నోట్లకు" అని నవ్వుతుండె మీ తాత. బడికి పోయే పోరగాండ్లు గూడ ఆగి "అన్నా, ఇంకోపారి" అని అడిగెటోళ్ళు.

యాడిదాక వచ్చిన? ఆఁ, దమ్ము. గా దమ్మే చెడిపోయింది.

తెలంగాణ వచ్చినంక మీటింగులు ఎక్కువైనయి, తెల్ల అంగీలు కుప్పలు కుప్పలు వస్తుండె. పని మస్తుగుండె. గప్పుడే, ఏ యాడాదో యాదికి లేదు, నాకు బట్టల మీద తెలిసింది. మనిషిల తెల్వలె బిడ్డా, బట్టల తెలిసింది. ఈ ఎదురు ఇంట్ల టీచరమ్మ ఉంది గదా, గామె గద్వాల పట్టుచీర వట్టుకొచ్చింది. "ఏంది పెద్దమ్మా, గీ మచ్చలు?" అన్నది. చూస్తె నీళ్ళ మచ్చలు, శనగగింజంత శనగగింజంత. పట్టుమీద పెద్ద సుక్క వడితె మచ్చ అయితది గదా. నేను మీ తాత మీదికి లేసిన. "ధ్యాస యాడ వెట్టినవు? ఇన్నేండ్లు చేసిన పని మర్సినవా?" అని నలుగురి ముంగట తిట్టిన. ఆయన కండువతోని మూతి తుడుసుకున్నడు. గంతే. దమ్ము ఆడక తుంపర పలుగుతాందని నాకేం ఎరుక? గా తిట్టిన మాట ఇప్పటికి నన్ను కలుక్కుమనిపిస్తది.

తర్వాత మెట్లు ఎక్కి బట్టలిచ్చుడు బందువెట్టిండు. నన్ను పొమ్మనేది. కాళ్ళు ఉబ్బినయి, ఏలుతో ఒత్తితె గుంట వడి గట్లనే ఉంటుండె. అడిగితె "బొగ్గుల పొగ గదనే, ఛాతిల పేరుకుంది, కషాయం తాగితె పోతది" అంటుండె. మిరియాలు, తులసాకు, అడ్డసరం ఆకు, ఎన్ని తాగిండో.

గప్పుడే కరోన వచ్చింది. రెండు నెల్లు బండి మూతవడ్డది. మల్ల తెరిసినంక కాలనీ పెద్దసారు వచ్చి, మంచోడే పాపం, దూరంగ నిలవడి చెప్పిండు. "పెద్దాయనా, ఏమనుకోకు. నోటితోని నీళ్ళు కొట్టొద్దు. జనం భయపడ్తుండ్రు." మీ తాత మొఖం చిన్నవోయింది. అవుతది గదా! నలబై ఏండ్లు మెచ్చుకున్న నోరు అది. మీ నాయిన తెల్లారి బజారుకు వోయి నీలం రంగు స్ప్రే సీస తెచ్చి చేతుల వెట్టిండు. మీ తాత దాన్ని ముట్టలె. "అది ఊదుతదా నా లెక్క?" అన్నడు. ఇగ బండి మీద నేను, మంచం మీద ఆయన.

మీ నాయిన బలిమిట్కి దవాఖానకు తీస్కపోయిండు. ఆడ డాక్టరమ్మ ఛాతికి జిగట మందు పూసి ఒక గుండి లెక్కటిది ఆనిస్తె, టీవిల గుండె కనవడ్డది. బిడ్డా! నా పెనిమిటి గుండెను నేను కండ్లార చూసిన. కొట్టుకుంటాంది, ముడుసుకుంటాంది, తెరుసుకుంటాంది. ఏడుపొచ్చిందో, దండం పెట్టాలనిపిచ్చిందో చెప్పరాదు. దండమే పెట్టిన, గా టీవికి. డాక్టరమ్మ చెప్పింది: "గుండెల ఒక తలుపు చెడిపోయింది పెద్దమ్మా. గుండె కొడ్తనే ఉంది. గాని నెత్తురు ముందలికి పోవాల్సింది మర్లి ఎనుకకు, ఊపిరితిత్తుల దిక్కు పోతాంది. అందుకే ఆయాసం. హైదరబాద్‌ల తలుపు మారుస్తరు. సర్కారు కార్డు మీదనే అయితది, పైసల ఫికర్ వద్దు. గాని ఆలస్యం చేస్తె గుండె సాగిపోతది, గప్పుడు ఎవ్వరు ఏం చెయ్యలేరు."

మీ తాత చెప్పులు తొడుక్కొని బయటికి వచ్చి అన్నడు, "నేను రాను."

ఎందుకయ్యా అంటె, "దమ్ము ఛాతిల ఉంటది, గుండెల ఎట్ల ఉంటది? తలుపేంది, గొళ్ళెమేంది? నేనేమన్న ఇల్లునా?" అన్నడు. మీ నాయిన బతిమిలాడిండు. నేను కొట్లాడిన. అన్నం తినకుండ అలిగిన గూడ. కదల్లె. ఆయనది మొండితనం గాదు, మాకే సమజు గాని మాటను ఆయనకెట్ల సమజు చేద్దుము? డాక్టరమ్మ చెప్పింది నేను అప్పజెప్తున్న, గంతే. లోపల నాకూ తెల్వది. దినదినం ఆయన కూసున్నకాడనే కూసుంటుండె. పెదిమలు నీలంగ అవుతుండె. నేను బండికాడికి పోయేటప్పుడు మర్లొచ్చేదాక ఉంటడా అని చూసుకుంట పోయేది.

గా నడుమ నేనొక పాడుపని చేసిన. చాకలి బుద్ధి యాడికి పోతది! స్ప్రే సీసతో ఎట్లయినా నీళ్ళు కొడ్తున్నం, అండ్లనే గంజి కలిపితె తడుపుడు, గంజివెట్టుడు రెండు ఒక్కపారే అయితయి గదా అనుకున్న. నా తెలివికి నేనే మురిసిన. అన్నం వార్చిన గంజిని పల్చగ చేసి, బట్టల వడగట్టి, సీసల పోసిన. ఆ దినం అంగీలు ఎట్ల నిలవడ్డయనుకున్నవు! కాలర్లు అట్టముక్కల లెక్క. టీచరమ్మ గూడ "భలే ఉన్నయి పెద్దమ్మా" అన్నది.

రెండు దినాలైనంక మీట నొక్కితె కదల్లె. గంజి ఎండి బంక అయ్యి లోపలంత పట్టుకున్నది. పులిసిన వాసన. బండి మీద తెల్ల అంగీలు ఎనిమిది ఉన్నయి. చుట్టుముట్టు చూసిన. చెంబుల నీళ్ళున్నయి, నోటితోని ఊదుదునా అనిపిచ్చింది. పైన బాల్కనీల మనుషులున్నరు. ఒక్కలు చూసిన్రంటె బండి తీసెయ్యమంటరు. ఇగ ఎట్లనన్న కానీ అని సీసను ఊడదీసుడు మొదలువెట్టిన.

సూదితోని మూతి బెజ్జం కుచ్చిన. ఊహూఁ. పైపు గుంజి కడిగిన. ఊహూఁ. మెడకాడ బలంగ తిప్పితె లోపలి సామాన్లన్ని బయటికొచ్చినయి. స్ప్రింగు ఎగిరి నా మొఖానికి తాకింది. ఇంకేదో టిక్కుమని బండి మీదికెంచి బూడిదల వడ్డది. చూసిన, గాని బొగ్గు రవ్వ అనుకొని ఇడిసిన. అన్ని ఉడుకునీళ్ళల్ల ఏసి, తోమి, ఒక్కొక్కటి మల్ల పెట్టిన. అగో, గిప్పుడు చూస్తున్నవు గదా, గిదే స్ప్రింగు గసొంటిది. చేతులవెట్టుకో, ఎగురుతది.

మీట మంచిగనే కదిలింది. నొక్కిన. నీళ్ళు రాలె. లోపల గుడ్ గుడ్‌మని బుడగలు లేసినయి. మల్ల నొక్కిన. బుడగలే. ఇర్వైమాట్ల నొక్కిన, చెయ్యి గుంజింది, బట్ట మీద ఒక్క సుక్క వడలె. నీళ్ళున్నయి. పైపు సాఫుగుంది. బెజ్జం సాఫుగుంది. నేను కొడ్తనే ఉన్న. మరి నీళ్ళు ఎటు పోతున్నయి? సీసను ఎండకు ఎత్తి చూసుకుంట నొక్కిన. మీట ఇడిసిపెడితె నీళ్ళు పైపుల పైకెక్కుతున్నయి. నొక్కితె ముందలికి పోకుండ మర్లి పైపులకెంచే కిందికి ఉరుకుతున్నయి.

అగో, గప్పుడు ఇనవడ్డది నాకు డాక్టరమ్మ మాట. కొడ్తనే ఉంది, గాని మర్లి ఎనుకకు పోతాంది.

బిడ్డా, సీస వట్టుకొని గట్లనే నిలవడ్డ. పెట్టె కింద అంగీ కమురు వాసన వచ్చినంక గాని తెలివికి రాలె. అవునే, ఒక అంగీ కాలవెట్టిన, అంగీ ఇచ్చిన సారు పైసలడగలె పాపం.

టిక్కుమని వడ్డదేందో గప్పుడు యాదికొచ్చింది. బండి కింద కూసొని బూడిదంత జల్లెడ వట్టిన. దొరికింది. గోలి! జొన్నగింజంత ఇనుప గోలి. కొంగుతో తుడిస్తె మెరిసింది. దాన్ని పైపు మీది గుంటల ఏసి, స్ప్రింగు పెట్టి, బిగిచ్చి నొక్కిన. ఉఫ్ఫ్‌మని తుంపర!

నేనింక పది మాట్ల నొక్కిన, ఊకెనే, గాలిలకు. మీట ఇడిసితె గోలి లేసి నీళ్ళను రానిస్తాంది. నొక్కితె కూసొని తొవ్వ మూస్తాంది. ఇగ మర్లనియ్యదు. ఎవలు చెప్పిన్రు దానికి ఎప్పుడు లెవ్వాలె, ఎప్పుడు కూసోవాలె అని? చెయ్యి లేదు, కన్ను లేదు. అది లేకుంటె సీస సీసే గాదు. గంత చిన్నదాని మీద గింత పని నడుస్తాందా!

బండిని బట్టతో కప్పి ఇంటికి ఉరికిన. పగటీలి, ఎండ నడినెత్తిన ఉంది. మీ తాత కాళ్ళ కింద దిండు వెట్టుకొని గోడకు ఆనుకొని కూసున్నడు.

"ఏమే, బండి ఇడిసిపెట్టి వచ్చినవు?"

"నీ గుండె తెచ్చిన, చూడు" అన్న.

"పిచ్చి లేసిందా ఎండకు?"

"లేసిందే అనుకో. ఇగో, నొక్కు."

అన్ని దినాలు ముట్టని మనిషి ముట్టిండు. నొక్కిండు. తుంపర వచ్చి ఆయన మోకాళ్ళ మీదనే వడ్డది. నేను సీస గుంజుకొని, ఇప్పి, గోలి తీసి, మల్ల బిగిచ్చి ఇచ్చిన. "ఇప్పుడు నొక్కు." నొక్కిండు. గుడ్ గుడ్. మల్ల నొక్కిండు. గుడ్ గుడ్.

"వస్తలేదేందే?"

"ఎందుకు రాదు? నువ్వు గట్టిగనే కొడ్తున్నవు గదా. నీళ్ళున్నయి గదా. మర్లి పోతున్నయి చూడు, ఎండకు వెట్టి చూడు. గీ గోలి లేదు లోపల. నీ గుండెల చెడిపోయింది గీ గోలి లెక్కటిదే. డాక్టరమ్మ తలుపన్నది గిదే. నీ ఛాతి మంచిగుంది, నీ దమ్ము మంచిగుంది. గుండె కొట్టిందంత మర్లి ఛాతిలకే ఉరుకుతాంది."

మీ తాత గోలిని నా అరచేతులకెంచి తీసుకొని తన అరచేతుల ఏసుకున్నడు. తానే సీసను ఇప్పిండు. గోలి ఏసి నొక్కిండు, తీసి నొక్కిండు, ఏసి నొక్కిండు. ఆయాసం వస్తున్నా ఆగలె. నేను గూడ ఆపలె. ఒక చెయ్యి ఛాతి మీద వెట్టుకున్నడు. శానసేపైనంక అడిగిండు:

"నాకు మొదలు గీ గోలి ఎవలు వెట్టిన్రే?"

"మీ అమ్మ కడుపుల ఉన్నప్పుడే వెట్టిండు దేవుడు" అన్న.

"అరవై ఏండ్లు... లేసుకుంట, కూసుకుంట... నాకు చెప్పకుండనే చేసిందా?" అన్నడు. ఆయన కండ్లు నీళ్ళతోని నిండినయి. భయంతోని గాదు బిడ్డా. నాకు తెలుసు ఆయన భయమెట్లుంటదో. ఏదో పెద్ద సంగతి చూసినోని లెక్క ఉండె మొఖం. "పాపం, అరిగిపోదా మరి" అన్నడు. జరసేపటికి, "పిలగానికి ఫోన్ చెయ్యి. పోదాం" అన్నడు.

హైదరబాద్ దవాఖానల గుండెను ఆపి, మిషిని మీద నెత్తురు నడిపిచ్చి, తలుపు మార్చి, మల్ల గుండెను నడిపిస్తరని చెప్పిన్రు. గుండెను ఆపుతరంట! ఇన్నవా? ఆపి, మల్ల నడువు అంటె నడుస్తదంట. నేను అద్దాల తలుపు ముంగట కింద కూసున్న. పొద్దుగాల తీస్కపోతె పగటీలి దాటినంక ఆపరేషన్ సారు బయటికొచ్చిండు. మొఖానికి గుడ్డ, కండ్లే కనవడ్తున్నయి. "నడుస్తాంది పెద్దమ్మా" అన్నడు. గా ఒక్కమాట. నేను ఆయన చేతులు చూసిన. మన లెక్కటి చేతులే. చేతికి అయిదు వేళ్ళు, గోర్లు కత్తిరిచ్చుకున్నడు. గా చేతులు నా పెనిమిటి గుండెల తిరిగొచ్చినయి.

తర్వాతొక దినం గా సారు రూములకు పిలిసి, బల్ల మీద అద్దాల డబ్బిల ఉన్న గసొంటిదే తలుపు చూపిచ్చిండు. రూపాయి బిళ్ళంత ఉంది, గుండ్రంగ, నడుమ రెండు రెక్కలు. ఏలుతో అంటె మూసుకుంటాంది, తీస్తె తెరుసుకుంటాంది. నాకు గదే ధ్యాస గదా, అడిగిన: "సారూ, దీనికి గంజి లెక్క ఏమన్న పేరుకోదా?"

సారు నన్నే చూసిండు. "పేరుకుంటదమ్మా, నెత్తురు గడ్డకట్టి పేరుకుంటది. గదే దీనికున్న కష్టం. అందుకే దినం తప్పకుండ గోలి మింగాలె, నెలకోపారి నెత్తురు పరీక్ష చెయ్యాలె. ఇది మనిషి ఉన్నన్నొద్దులు. చూసుకుంటవా?" అన్నడు.

"సీసలు కడుగుడు నాకు ఎరుకే సారూ" అన్న. నవ్విండు.

ఇగ గప్పట్నుంచి ఒక్క దినం తప్పలె. కాలనీల ఎవలి స్ప్రే సీస ఖరాబైనా మీ తాత కాడికే వస్తది ఇప్పుడు. చెట్లకు కొట్టేటిది, అద్దాలు తుడిసేటిది, మంగలి షాపుది, అన్ని. ఇప్పుతడు, ఉడుకునీళ్ళల్ల ఏస్తడు, గోలి తీసి ఎండకు వట్టుకొని చూస్తడు. పారేసిన సీసలల్ల గోలీలు ఏరి అగ్గిపెట్టెల దాస్తడు. ఊకెనే చేస్తడు, ఎవ్వరినేమడుగడు.

నానింది చూడు, తెల్లదంత ఊడింది. నీళ్ళల్ల జాడిచ్చు. గోలి జాగ్రత్త! ఆఁ, గట్ల. బిగిచ్చు. నొక్కు... వచ్చిందా? వచ్చింది. ఏద్దునా అంటివి చెత్తబండిల!

ఇగ ఇంకొకటి. మీ తాత నడిమింట్ల పండుకున్నడు గదా? సప్పుడు చెయ్యకుండ పో. ఫ్యాను బందువెట్టు. ఛాతికి జానెడు దూరంల చెవి వెట్టి నిలవడు. పో, నేనీడనే ఉంట.

...ఇనవడ్డదా?

"ఇనవడ్డది అవ్వా. గడియారం లెక్క టిక్ టిక్‌మంటాంది."

అది ఆయన లోపలి తలుపు బిడ్డా. మొదట్ల నాకు భయమైతుండె, పక్కకు మర్లి చెవులు మూసుకునేది. ఇప్పుడు నలుగురు జనం ఉన్నకాడ, లగ్గంల గిట్ల, గా సప్పుడు ఇనరాకుంటె నాకు పానం నిలవదు. దగ్గరికి వోయి ఇని వస్త. ఆయనకు ఎరుకే, నవ్వుతడు.

ఏడుస్తున్నవా? ఎందుకే, పిచ్చిదానా. ఇటు రా, నా దగ్గరికి. నీది సప్పుడే చేస్తలేదు చూడు... చేస్తాంది, మెల్లగ. ఎవ్వరు ఇప్పి చూడకుండనే నూరేండ్లు నడవాలె బిడ్డా నీది.